వెనక్కి ఉబ్బిన గ్రిప్, మూడు పొరల సెన్సర్: సిగ్మా డీపీ క్వాట్రో తీరే వేరు

సిగ్మా డీపీ2 క్వాట్రోను మొదటిసారి చూస్తే, దీన్ని వెనకా ముందూ తారుమారు చేసి బిగించారేమో అనిపిస్తుంది. ఏ కెమెరాకైనా కుడిచేతి గ్రిప్ ముందువైపు, అంటే వేళ్ళు చుట్టుకునే వైపు ఉబ్బి ఉంటుంది. దీనికి మాత్రం వెనక్కి, ఫొటో తీసే మనిషి వైపు ఉబ్బింది. బాడీ సన్నగా, 161 మిల్లీమీటర్ల పొడవున సాగి ఉంటుంది. దాని మధ్యలో ఆ బాడీకి నప్పనంత లావు లెన్స్. బ్యాటరీ పెట్టకుండానే 395 గ్రాములు తూగుతుంది. అమ్మింది కాంపాక్ట్ కెమెరా పేరుతో గానీ, ప్యాంటు జేబులో పట్టే వస్తువు కాదు. 2014 ఫిబ్రవరిలో జపాన్ కంపెనీ సిగ్మా దీన్ని ప్రకటించినప్పుడు చాలామంది నవ్వుకున్నారు. కొందరు డిజైనర్ల సరదా అని కొట్టిపారేశారు.

వాడటం మొదలుపెడితే వింతలు ఇంకా బయటపడతాయి. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. వీడియో లేదు. జూమ్ లేదు. చెయ్యి వణికితే సర్దే స్టెబిలైజేషన్ లేదు. వెలుతురు తగ్గినప్పుడు పెంచుకునే ఐఎస్ఓ అంకె 400 దాటితే రంగులు పాడవడం మొదలవుతుంది. ఫొటో తీశాక కార్డులోకి ఎక్కేదాకా కాసేపు ఆగాలి. అయినా పదేళ్ళ తర్వాత కూడా దీన్ని వదలని వాడకందారులు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ళ ఇష్టాన్ని మూఢభక్తిగా తీసిపారెయ్యడం ఎంత తేలికో, కెమెరా లోపాలన్నిటినీ వేదాంతంగా మార్చి చెప్పడం కూడా అంతే తేలిక. ఈ ఇబ్బందుల్లో కొన్ని కాంతిని పట్టే చిప్‌ను, అంటే సెన్సర్‌ను బట్టి తప్పనిసరిగా వచ్చినవి, మరికొన్ని ఉత్త కంపెనీ మొండితనం. ఈ రెంటినీ వేరుచేసి చూస్తే తప్ప ఈ కెమెరా ఎవరికి పనికొస్తుందో తేలదు.

ముందు సెన్సర్ సంగతి. ఇవాళ మన ఫోన్లలో, కెమెరాల్లో ఉన్న సెన్సర్లు దాదాపు అన్నీ కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పద్ధతిలో నడుస్తాయి. దానికి 1976లో పేటెంట్ వచ్చింది. సెన్సర్ మీద కాంతిని కొలిచే ఒక్కో చుక్కకు, అంటే పిక్సెల్‌కు, ఒక్కో రంగు ఫిల్టర్ కప్పుతారు. ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. అంటే ఏ పిక్సెల్ అయినా స్వయంగా కొలిచేది ఒక్క రంగునే. మిగతా రెండు రంగుల్ని పక్క పిక్సెళ్ళను చూసి లెక్కగట్టాలి. ముగ్గులో చుక్కలు పెట్టాక గీతను ఊహించి కలిపినట్టే ఇదీ. చెయ్యి తిరిగిన సాఫ్ట్‌వేర్ చాలాసార్లు సరిగ్గానే కలుపుతుంది. కానీ చుక్కల కంటే సన్నటి నమూనా ఎదురైతే తడబడుతుంది. పోచంపల్లి చీరనో, సన్నటి గళ్ళ చొక్కానో క్యాటలాగ్ కోసం ఫొటో తీసేవాళ్ళకు ఇది బాగా తెలుసు. బట్టలో లేని రంగుల అలలు ఫొటోలో కనబడతాయి. దాన్నే మోరే అంటారు. దాన్ని తగ్గించడానికి చాలా కెమెరాల్లో సెన్సర్ ముందు బొమ్మను కొద్దిగా మసకబార్చే ఫిల్టర్ పెట్టేవారు. అంటే లేని రంగులు రాకుండా ఉండటానికి ఉన్న వివరం కొంత వదులుకోవడమన్న మాట.

ఈ కెమెరాలో ఉన్న ఫోవియన్ సెన్సర్ దారి వేరు. సిలికాన్‌కు ఒక సహజ గుణం ఉంది. నీలి కాంతి దాని పైపైనే ఇంకిపోతుంది, ఆకుపచ్చ ఇంకాస్త లోపలికి వెళ్తుంది, ఎరుపు అన్నిటికంటే లోతుకు దిగుతుంది. అలాంటప్పుడు రంగు ఫిల్టర్లు ఎందుకు, ఒకే చోట మూడు లోతుల్లో కాంతిని కొలిస్తే సరిపోదా అన్నది దీని వెనక ఆలోచన. కాల్‌టెక్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కార్వర్ మీడ్ తదితరులు 1997లో కాలిఫోర్నియాలో స్థాపించిన ఫోవియన్ కంపెనీ దీన్ని చేసి చూపించింది. ఆ సెన్సర్‌తో వచ్చిన మొదటి కెమెరా 2002 నాటి సిగ్మా ఎస్‌డీ9. లెన్సుల తయారీతో పేరు తెచ్చుకున్న సిగ్మా 2008లో ఆ కంపెనీనే కొనేసింది. ఆ సెన్సర్‌కు ప్రాణం పోసిన ఇంజనీర్లలో ఒకరైన రిచర్డ్ మెరిల్ అదే ఏడాది చనిపోయారు. 2012లో వచ్చిన కెమెరాల తరానికి ఆయన పేరే పెట్టారు. ఒక ఇంజనీరు పేరు కెమెరా ఒంటి మీద అచ్చయి ఉండటం ఈ రంగంలో చాలా అరుదు.

కాగితం మీద ఇంత అందంగా ఉన్న ఆలోచన కెమెరాలోకి వచ్చేసరికి రెండు చోట్ల బరువు మోపింది.

ఒకటి, సిలికాన్ రంగుల్ని గీత గీసినట్టు విడదీయదు. పై పొరలో నీలంతోపాటు ఆకుపచ్చ, ఎరుపు కూడా కొంత చిక్కుతాయి. అడుగు పొరకు చేరేసరికి కాంతి బాగా పలచబడుతుంది. కాబట్టి అసలు రంగు తేలాలంటే ఒక పొర లెక్కలోంచి మరో పొర లెక్కను గట్టిగా తీసివేయాలి. తీసివేసినప్పుడు సిగ్నల్ తగ్గుతుంది గానీ నాయిస్, అంటే బొమ్మలో గింజలు గింజలుగా కనబడే మచ్చ, తగ్గదు, పైగా పెరిగి కనబడుతుంది. వెలుతురు బాగున్నంతసేపు ఇది తెలియదు. తగ్గేకొద్దీ నీడల్లో ఆకుపచ్చ, గులాబీ మరకలు తేలతాయి. ఐఎస్ఓ 100, 200 దగ్గర అబ్బురపరిచే కెమెరా 800 దగ్గర చతికిలబడేది ఇందుకే. మెనూలో 6400 దాకా అంకెలున్నా వాటిని అలంకారం కిందే లెక్కేసుకోవాలి.

రెండోది డేటా బరువు. మెరిల్ తరంలో ఒక్కో పొరకు 15కు పైచిలుకు మెగాపిక్సెళ్ళ చొప్పున మూడు పొరలకు 46 మెగాపిక్సెళ్ళు. ఫొటో నొక్కిన ప్రతిసారీ అంత సమాచారం కదలాలి. దానికోసం రెండు ప్రాసెసర్లు పెట్టారు. బ్యాటరీ మాత్రం చిన్నది, ఒక ఛార్జికి వంద ఫొటోలు వస్తే గొప్ప. పెట్టెలోనే రెండు బ్యాటరీలు పెట్టి అమ్మారంటే కంపెనీకి కూడా సంగతి తెలుసన్న మాటే. వరసగా పది ఫొటోలు తీస్తే బాడీ వేడెక్కడం చేతికి తెలుస్తుంది.

క్వాట్రో పుట్టింది ఈ రెండు బరువుల్నీ దించడానికే. ఇందులో పై పొరకు మాత్రమే 19.6 మెగాపిక్సెళ్ళు ఇచ్చి, కింది రెండు పొరల్ని ఒక్కోటి 4.9 మెగాపిక్సెళ్ళకు తగ్గించారు. పైన నాలుగు పిక్సెళ్ళకు కింద ఒకటి. సన్నటి వివరమంతా పై పొర నుంచి తీసుకుంటారు, రంగుకు మాత్రం మూడు పొరల్నీ కలిపి చూస్తారు. మన కన్ను వివరాన్ని వెలుగు నీడల తేడాలోనే పట్టుకుంటుంది, రంగుల్లో అంత సూక్ష్మం అడగదు. జేపెగ్ ఫైళ్ళు, టీవీ ప్రసారాలు ఎప్పటినుంచో ఈ బలహీనత మీదే బతుకుతున్నాయి. డేటా తగ్గింది, నాయిస్ కొంత తగ్గింది, బ్యాటరీ ఛార్జికి దాదాపు 200 ఫొటోలకు పెరిగింది. మెరిల్ అభిమానులు మాత్రం దీన్ని ద్రోహంగా చూశారు. ప్రతి పిక్సెల్ దగ్గరా మూడు రంగులూ కొలవడమే కదా ఫోవియన్ అసలు మాట, ఇప్పుడు కింది పొరల్లో ఊహ చొరబడింది కదా అని. సిద్ధాంతంగా వాళ్ళన్నది నిజమే. కానీ రెండు తరాల ఫొటోలూ పెద్ద ప్రింట్లు వేసి పక్కపక్కన పెడితే తేడా చెప్పాలంటే కళ్ళు చిట్లించాలి. ఈ తగాదాలో సెన్సర్ కంటే సెంటిమెంటు పాలే ఎక్కువ. సిగ్మా వైపు కూడా తప్పుంది. ఇది 39 మెగాపిక్సెళ్ళ మామూలు సెన్సర్‌తో సమానమని ప్రచారం చేసి, సూటిగా చెప్పుకోవలసిన గొప్పను అంకెల తగాదాలోకి తనే దింపుకుంది.

ఇక ఆ గ్రిప్. చేతిలోకి తీసుకోగానే అలవాటుకొద్దీ వేళ్ళు ముందు అంచును వెతుకుతాయి. అక్కడ పట్టుకోవడానికి ఉబ్బెత్తు ఏమీ ఉండదు, చదునుగా ఉంటుంది. వెనక ఉబ్బిన భాగం అరచేతిలోకి వచ్చి కూర్చుంటుంది. బ్యాటరీ ఉండేదీ అందులోనే. ఒక్క చేత్తో ఎత్తితే లెన్స్ బరువుకు కెమెరా ముందుకు వాలుతుంది, మణికట్టు లాగుతుంది. దుకాణంలో అరనిమిషం పట్టుకుని చూసినవాళ్ళు బాగాలేదని పెట్టేసేది ఇక్కడే. ఎడమచేతిని లెన్స్ కిందకు తెచ్చి బరువంతా దాని మీద వేస్తే కథ మారుతుంది. లెన్స్ ఎడమ అరచేతిలో నిలబడుతుంది, కుడిచెయ్యి కేవలం తిన్నగా ఉంచి మీట నొక్కడానికే. మోచేతులు వాటంతటవే పక్కటెముకలకు ఆనుతాయి. స్టెబిలైజేషన్ లేని కెమెరాను కదలకుండా పట్టుకునే పద్ధతి అదే. అంటే ఈ ఆకారం రెండు చేతులూ వాడమని బలవంతపెడుతుంది. జేబులోంచి తీసి టక్కున నొక్కే పనికి ఇది వద్దని చెప్పకనే చెబుతోంది.

చెయ్యి చాచి వెనక తెర చూస్తూ తీస్తే మాత్రం ఆ లాభమంతా పోతుంది. తెర 3 అంగుళాలది, కదలదు, తాకితే పలకదు. మన ఏప్రిల్, మే నెలల ఎండలో మధ్యాహ్నం పూట ఆ తెర మీద బొమ్మ కంటే చూసేవాళ్ళ ముఖమే బాగా కనబడుతుంది. దీనికి సిగ్మా ఇచ్చిన పరిష్కారం కెమెరా కంటే వింతగా ఉంటుంది. ఎల్‌వీఎఫ్-01 అనే భూతద్దం గొట్టాన్ని తెర మీద బిగించి దానిలో కన్ను పెట్టి చూడాలి. అది తగిలిస్తే కెమెరా సైజు దాదాపు రెట్టింపవుతుంది. చూసేవాళ్ళు సర్వే పరికరం అనుకున్నా ఆశ్చర్యం లేదు. కానీ ఒకసారి కన్ను ఆనించాక ఎండ అడ్డురాదు. రెండు చేతులకు తోడు కనుబొమ్మ దగ్గర మూడో ఆధారం దొరుకుతుంది. దీన్ని విడిగా డబ్బులు పోసి కొనాల్సి రావడమే చికాకు. మొదటినుంచీ లోపలే ఒక మోస్తరు ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ పెడితే పోయేదిగా అన్న ప్రశ్నకు సెన్సర్ దగ్గర జవాబు లేదు. ఇది మొండితనం ఖాతాలోకే వెళ్ళాలి. వైఫై లేకపోవడం, కార్డు పెట్టే చోట బాడీ పక్కన పలుచటి రబ్బరు మూత ఉండటం కూడా ఆ ఖాతాలోవే.

జూమ్ లేకపోవడం మాత్రం ఆ కోవలోకి రాదు. ఒక్కో లెన్స్‌కు ఒక్కో కెమెరా చేసి అమ్మింది సిగ్మా. డీపీ2లో ఉన్నది 30 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 లెన్స్, పాత ఫిల్ము లెక్కలో 45 మిల్లీమీటర్లు. డీపీ1 కాస్త వెడల్పు చూపు, అదే లెక్కలో 28. డీపీ3 దూరానికి, 75. తర్వాత 2015లో వచ్చిన డీపీ0 అన్నిటికంటే వెడల్పు, 21. నాలుగు చూపులు కావాలంటే నాలుగు కెమెరాలు కొనాలి. వినడానికి దోపిడీలా ఉన్నా దీనిలో తర్కం ఉంది. మూడు పొరల సెన్సర్‌కు అంచుల్లో కాంతి ఏటవాలుగా పడితే పొరల లెక్క తప్పి, మూలల్లో రంగులు మారే ప్రమాదం ఎక్కువ. లెన్స్‌ను మార్చే వీలు లేకుండా ఆ ఒక్క సెన్సర్ కోసమే కొలిచి బిగిస్తే ఆ తలనొప్పి తగ్గుతుంది, మూల నుంచి మూల వరకూ పదును నిలుస్తుంది. ఈ లెన్సులు విడిగా అమ్మి ఉంటే వాటికే కెమెరా ధర పలికేదని అనేవాళ్ళున్నారు, పెద్ద అతిశయోక్తి కాదు.

షట్టర్ కూడా లెన్స్‌లోనే ఉంటుంది. చప్పుడు దాదాపు ఉండదు, డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లోలా లోపలి అద్దం ఎగిరిపడే కుదుపు లేదు. దీనికో తిరకాసు ఉంది. అత్యధిక వేగం సెకనులో 2000వ వంతు, అదీ ఎపర్చర్, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి ఉంచితే రాదు. నిండు ఎండలో ఐఎస్ఓ 100 పెట్టి ఎఫ్ 2.8 దగ్గర తీయాలంటే సుమారు 3200వ వంతు కావాలి. కనక ఎండలో వెనక దృశ్యాన్ని మసకబార్చి ముఖం మాత్రమే నిలబెట్టాలనుకుంటే లెన్స్ ముందు కాంతిని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించక తప్పదు. మరోవైపు ఇలాంటి షట్టర్‌తో ఎక్కువ వేగంలోనూ ఫ్లాష్ కలిసి పనిచేస్తుంది. ఎండలో ముఖం మీద నీడల్ని ఫ్లాష్‌తో సరిచేసేవాళ్ళకు ఇది వరం, అయితే ఫ్లాష్ కూడా విడిగా తగిలించుకోవాల్సిందే.

ఈ కెమెరాతో ఒక ఫొటో తీయడం ఎలా ఉంటుందో చూస్తే దాని స్వభావం ఇంకా తెలుస్తుంది. పాత గుడి గోడ మీద శిల్పం అనుకుందాం, పొద్దుటి ఏటవాలు ఎండ. ట్రైపాడ్ వేయాలి. ఐఎస్ఓ 100. ఎపర్చర్ ఎఫ్ 5.6 దగ్గర, అక్కడే లెన్స్ పదును బాగుంటుంది. ఆటోఫోకస్ నెమ్మదిగా వెతుక్కుంటుంది, కాబట్టి శిల్పం మీద ఒకసారి ఫోకస్ పట్టించి మాన్యువల్‌లోకి మార్చేయడం మేలు. తర్వాత ఎక్స్‌పోజర్, అంటే ఎంత కాంతి పడనివ్వాలన్నది. ఎండపడ్డ రాతి అంచు ఒకసారి తెల్లగా కొట్టుకుపోతే ఫోవియన్ ఫైల్లోంచి దాన్ని వెనక్కి రప్పించడం కష్టం. అలాగని మరీ తగ్గించి తీసి నీడల్ని తర్వాత లేపుదామంటే రంగు మరకలు బయటపడతాయి. రెండు వైపులా జాగా తక్కువ. వెలుగు నీడల లెక్క చూపే గ్రాఫ్ (హిస్టోగ్రామ్) కుడి అంచుకు తగలకుండా ఆపి, రెండు సెకన్ల టైమర్ పెట్టి నొక్కాలి. ఆ తర్వాత 50 ఎంబీకి అటూఇటూ ఉండే ఫైలు కార్డులోకి ఎక్కుతుంది. మరో కెమెరాతో ఇంత సేపట్లో ముప్పై ఫొటోలు తీయొచ్చు, నిజమే.

అలా తీసిన ఫైలును వంద శాతం పెద్దది చేసి చూసినప్పుడు మాత్రం ఈ గొడవంతా ఎందుకో అర్థమవుతుంది. రాతి గరుకు, ఉలి దెబ్బల గాట్లు, పగుల్లో పెరిగిన నాచు ఏ కొసకు ఆ కొస విడివిడిగా నిలబడతాయి. కృత్రిమంగా పదునుపెట్టిన తెల్ల అంచులు ఉండవు. ఎర్రమట్టి, తుప్పు, ఎండుటాకుల్లాంటి దగ్గరదగ్గర రంగుల మధ్య సన్నటి తేడాలు కలిసిపోవు. నేత బట్టల మీద రంగుల మోరే దాదాపు కనబడదు. డీపీ3 అయితే 22.6 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్ళి పోగు పోగూ పట్టుకోగలదు. చేనేత వస్త్రాలనో, శాసనాలనో, పాత తాళపత్రాలనో భద్రపరిచే పనిలో ఉన్నవాళ్ళకు ఇవాళ్టికీ ఇది గట్టి పరికరమే. పెళ్ళి మండపంలో తలంబ్రాలు పోసే క్షణానికి మాత్రం దీన్ని నమ్ముకుంటే అంతే సంగతులు.

సగం పని కెమెరాలో అయితే మిగతా సగం కంప్యూటర్లో. సెన్సర్ కొలిచినదాన్ని యథాతథంగా దాచే రా ఫైలుకు సిగ్మాకు ఎక్స్3ఎఫ్ అనే సొంత ఫార్మాట్ ఉంది. క్వాట్రో ఎక్స్3ఎఫ్ ఫైలును ఫొటోలు సరిదిద్దడానికి చాలామంది వాడే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ తెరవదు. సిగ్మా ఉచితంగా ఇచ్చే సిగ్మా ఫొటో ప్రోలోనే తెరవాలి. ఆ సాఫ్ట్‌వేర్ నిదానం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక స్లైడర్ కదిపి ఫలితం కోసం ఎదురుచూడాలి. ఇక్కడ మాత్రం తప్పు పూర్తిగా కంపెనీదనలేం. మూడు పొరల్ని విడదీసే లెక్క మామూలు సెన్సర్ లెక్క కాదు, ఎవరు రాసినా బరువైనదే. తర్వాత కెమెరా లోపలి ప్రోగ్రామ్‌ను (ఫర్మ్‌వేర్) మార్చి, మిగతా సాఫ్ట్‌వేర్లూ తెరవగల డీఎన్‌జీ ఫైళ్ళు తీసే వీలు కల్పించారు, లైట్‌రూమ్ అలవాటున్నవాళ్ళకు కొంత ఊరట. కానీ బ్లాక్ అండ్ వైట్ చేసేవాళ్ళు ఎక్స్3ఎఫ్‌నే పట్టుకుని ఉంటారు. ఫొటో ప్రోలోని మోనోక్రోమ్ విభాగంలో ఏ రంగు నుంచి ఎంత తీసుకోవాలో ఎంచుకోవచ్చు. ఎక్కువ కాంతి అందే పై పొర వైపు మొగ్గితే నాయిస్ బాగా తగ్గుతుంది. రంగుల్లో 400 దగ్గర ఆగిపోయే కెమెరా బ్లాక్ అండ్ వైట్‌లో 1600 దాకా లాక్కొస్తుంది, అప్పుడు వచ్చే గరుకు కూడా ఫిల్ము గరుకులా కంటికి ఇబ్బంది లేకుండా ఉంటుంది. చీకటిపడ్డాక క్వాట్రోను బయటికి తీయడానికి ఉన్న ఏకైక సాకు ఇదే.

సిగ్మా 2018లో ఫుల్‌ఫ్రేమ్, అంటే పాత ఫిల్ము ఫ్రేమంత పెద్ద సెన్సర్ ఉండే ఫోవియన్ కెమెరా తెస్తామని ప్రకటించింది. 2020లో ఆ పని అనుకున్నట్టు సాగలేదని ఒప్పుకుని సెన్సర్‌ను మళ్ళీ మొదటినుంచీ తయారుచేసే పనిలో పడింది. ఈలోగా 2019లో వచ్చిన ఎఫ్‌పీ గానీ, 2025లో వచ్చిన బీఎఫ్ గానీ మామూలు బేయర్ సెన్సర్లతోనే వచ్చాయి. బీఎఫ్‌కు వ్యూఫైండర్ లేదు, మెమరీ కార్డు పెట్టే చోటే లేదు, 230 జీబీ లోపలే. సెన్సర్ మారినా కంపెనీ మొండితనం మారలేదన్న మాట. దీన్నిబట్టి చూస్తే క్వాట్రో వింతల్లో సెన్సర్ పద్దు కింద రాసుకోవలసినవి ఎన్నో, సిగ్మా పద్దు కింద రాయవలసినవి ఎన్నో ఇంకా బాగా తెలుస్తుంది.

డీపీ క్వాట్రోలు ఇప్పుడు చేతులు మారినవే వెతుక్కోవాలి. కొనేముందు తెల్లకాగితాన్నో, మబ్బు పట్టిన ఆకాశాన్నో ఒక ఫొటో తీసి మూలల్లో ఆకుపచ్చ, గులాబీ ఛాయలు ఎంతున్నాయో చూడాలి. పక్కనున్న రబ్బరు మూత ఊడిపోలేదు కదా అని చూడాలి. ఎల్‌వీఎఫ్-01 కలిపి ఇస్తుంటే నాలుగు డబ్బులు ఎక్కువైనా దాంతోనే తీసుకోవడం మంచిది, తర్వాత విడిగా దొరకడం కష్టం. బ్యాటరీలు మూడైనా దగ్గరుండాలి. అన్నిటికంటే ముందు, అమ్మేవాళ్ళను ఒక ఎక్స్3ఎఫ్ ఫైలు పంపమని అడిగి సొంత కంప్యూటర్లో ఫొటో ప్రోతో తెరిచి చూసుకోవాలి. ఆ ఎదురుచూపు భరించగలమనిపిస్తేనే డబ్బు కట్టాలి.